గెలిచాక పాఠం చెప్పే అలవాటు

చదరంగం ఆడి నేను సంపాదించిన కప్పులన్నీ యూసుఫ్‌గూడలో మా ఇంటి షోకేసులో ఉండేవి. వాటి దుమ్ము దులిపే పని అమ్మది. మా వీధిలో నా ఈడువాళ్లంతా ఏదో ఒక కంప్యూటర్ కోర్సు చేసి, మెడలో కంపెనీ ట్యాగు వేలాడేసుకుని, ఆదివారం పాల ప్యాకెట్ కోసం వచ్చినా దాన్ని తీయని రోజులవి. నేను మాత్రం జూబ్లీహిల్స్‌లో ఇళ్లకు వెళ్లి పిల్లలకు చెస్ నేర్పేవాణ్ణి. ఆ పిల్లలకు చెస్ మీద ప్రేమేమీ లేదు. చెస్ ఆడితే లెక్కలొస్తాయని, లెక్కలొస్తే మంచి కాలేజీలో సీటొస్తుందని వాళ్ల తల్లులకు ఎవరో నూరిపోశారు.

అలాంటి ఒక పిల్లవాడి తండ్రి సినిమా నిర్మాత. ఫిలింనగర్‌లో ఆఫీసు, పైన గెస్ట్‌హౌస్. ఆదివారం భోజనాలయ్యాక అక్కడ పేకాట నడిచేది. మూడుముక్కలాట పాతబడిపోయిందని చెప్పి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని వాళ్లకు పోకర్ అంటించాడు. ఒకరోజు మనిషి తక్కువై నన్ను పిలిచారు. చేతిలో రెండు ముక్కలు, బల్లమీద అందరికీ కలిపి ఐదు. మిగతాదంతా ఎదుటివాడి మొహం చదవడమే. గుర్రాలనూ ఏనుగులనూ ఎన్నేళ్లు కదిపినా రాని డబ్బు ఆ ఒక్క మధ్యాహ్నం వచ్చింది. కొన్నాళ్లకు పిల్లల పాఠాలు మానేశాను.

"గిదేం పని బిడ్డా? చెస్ ఆడితే కప్పులన్న వస్తుండె. ఎవలన్న అడిగితే నా కొడుకు పత్తాలాడుతుండని చెప్పాల్నా?" అంది అమ్మ.

సాఫ్ట్‌వేర్ అని చెప్పమన్నాను. ఆ రోజుల్లో ఆ మాట అంటే ఇంకెవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

ఆ బల్ల దగ్గర ఆటకంటే ముందు సెంటిమెంట్లు మొదలయ్యేవి. తూర్పు ముఖంగా ఉన్న కుర్చీ నిర్మాతగారిది. అందులో పొరపాటున ఎవరైనా కూర్చుంటే దాన్ని తుడిచి, కాసేపాగి ఆయన కూర్చునేవాడు. ఆయన ఓడిపోతే డైరెక్టరు "ముక్కలు పడలేదంతే, మీ ఆటకేమండీ" అనేవాడు. కథలు రాసే ఆయన వెంటనే అందుకుని "నిన్న అమావాస్య కదా సార్, ఆ ప్రభావం" అనేవాడు. ప్రివ్యూ చూసి బయటికొచ్చి "అదిరిపోయిందండీ" అనేదీ ఆ గొంతుతోనే. వాళ్ల దగ్గర ఇంకో గొంతు ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

చెస్ ఆడేవాళ్లకు ఒక అలవాటుంది. ఆట ముగిసి చేతులు కలిపాక, గెలిచినవాడూ ఓడినవాడూ పావులు మళ్లీ పేర్చుకుని, ఎవరెక్కడ తప్పు చేశారో దాపరికం లేకుండా చెప్పుకుంటారు. దాన్ని మేం పోస్ట్‌మార్టం అంటాం. ఒక ఆదివారం నిర్మాతగారిని చిత్తుగా ఓడించి, అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

"సార్, మీ దగ్గర ముక్కలు లేనప్పుడు పందెం గబగబా పెంచుతారు. ఉన్నప్పుడు ముందు ఉంగరం తిప్పుకుంటారు. మీరు ఉంగరం ముట్టుకోగానే నేను ముక్కలు పడేసి ఆట వదిలేస్తున్నాను."

డైరెక్టరు సగం కొరికిన సమోసాతో అలాగే ఉండిపోయాడు. పేకాట మీద బతికేవాడెవడూ అలా కనిపెట్టిన గుట్టు సొంత పెళ్లానికి కూడా చెప్పడు. నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నానని నాకు అప్పుడు తెలిసింది.

నిర్మాతగారు నన్ను గెంటేయలేదు. "నిజమా మాస్టారూ? ఇన్నేళ్లలో నాకిలా మొహం మీద చెప్పినవాడు లేడయ్యా!" అంటూ లేచి వచ్చి భుజం తట్టాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆటయ్యాక ఆయనకు నా పోస్ట్‌మార్టం ఉండాల్సిందే. ఆయన ఆట బాగుపడింది, నా రాబడి తగ్గింది. అయినా ఆ కుర్చీ ఎక్కడ పోతుందోనని భయపడేవాణ్ణి. ఆయన పిలిస్తేనే నేను ప్రొఫెషనల్‌ని, పిలవకపోతే ఉద్యోగం లేనివాణ్ణి. అదొక్కటే కాదు. ఆ కాసేపూ నేను మళ్లీ చెస్ ఆటగాణ్ణయ్యేవాణ్ణి. నా మాటకు విలువిచ్చిన మనిషి ఆ ఫిలింనగర్ కొండమీద ఆయనొక్కడే.

అంతలో ఆయన భారీ సినిమా శుక్రవారం వచ్చి సోమవారానికల్లా పోయింది. తర్వాతి ఆదివారం అందరూ పరామర్శకు వచ్చినట్టు కూర్చున్నారు. ఆయన్ను ఓదార్చడానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం, ఆయన చేతిలో ఓడిపోవడం. నా పక్కనే కూర్చున్న డైరెక్టరు జత రాజులుండగా ముక్కలు పడేశాడు. రచయిత ఇంకో అడుగు ముందుకేసి, గెలిచే ముక్కలు పడేయడమే కాక వాటిని తిప్పి చూపించి, "ఇవి పెట్టుకుని కూడా మీ పందేనికి జడుసుకున్నాను సార్!" అని లెంపలేసుకున్నాడు. ఇంత నటన ఇంట్లో ఉండగా ఈయన బయటివాళ్లకు పారితోషికాలు ఎందుకిస్తున్నాడో నాకర్థం కాలేదు.

మొహాలు చదవడం నేర్చుకున్నాడు కదా, ఆయనకు తెలిసిపోయింది. నన్ను బాల్కనీలోకి పిలిచాడు.

"సినిమా అదిరిందన్నదీ వీళ్లే, ఇప్పుడు నన్ను గెలిపిస్తున్నదీ వీళ్లే. నువ్వొక్కడివి నాతో నిజంగా ఆడు మాస్టారూ. జాలి పడకు."

సరే సార్ అన్నాను.

నిజంగానే ఆడాను. చివరి ఆటలో మేమిద్దరమే మిగిలాం. నా చేతిలో రెండు ఆసులు, రెండూ ఎర్రవే. బల్లమీద నాలుగు ఇస్పేట్లు. ఐదో ఇస్పేటు ఆయన దగ్గరుంటే ఐదూ ఒకే రకమై నేను పోయినట్టే. ఆయన తన దగ్గరున్న పందెం బిళ్ళలన్నీ ముందుకు తోశాడు. తొందర లేదు, తడబాటు లేదు. నేను ఆ మొహంలో వెతకని చోటు లేదు. ఇస్పేటు ఉంది, అనుమానం లేదనుకుని నా ముక్కలు పడేశాను.

ఆయన తన ముక్కలు తిప్పాడు. ఇస్పేటు లేదు. ఏమీ లేదు. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నాకూ ఒళ్లు పులకరించింది. నా ఆసులు రెండూ తిప్పి బల్లమీద పెట్టాను.

"అద్భుతం సార్! గెలిచే ముక్కలు నా చేత పడేయించారు. మీరాడినవాటిలో ఇదే గొప్ప ఆట."

ఆయన నవ్వు ఆగిపోయింది. నా ఆసుల్ని చూశాడు, రచయితను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"నువ్వు కూడానా మాస్టారూ?"

లేదు సార్, ఒట్టు అన్నాను. ఎందుకు నమ్మానో, ఎక్కడ మోసపోయానో మొదటి పందెం నుంచీ విడమరిచి చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే డైరెక్టరు గొంతులా వినిపించింది. ఆయన కోప్పడలేదు. అంతా ఓపిగ్గా విని, చెప్పులేసుకుని కిందికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నాకు ఫోన్ రాలేదు. వేరే ఊళ్లలో వేరే బల్లలు దొరికాయి, ఇప్పటికీ వాటిమీదే బతుకుతున్నాను. ఆ కుర్చీ పోయినందుకు ఏడుపు లేదు. ఆయన ఆ రోజు నన్ను నిజంగా ఓడించాడు, ఆ సంగతి ఆయనకు మాత్రం తెలియదు. ఆ మంట నాకింకా తగ్గలేదు.