మార్చి నుంచి ఖాళీ

మా అత్తయ్య అమాయకురాలని మా బంధువులంతా చెప్పుకునే కథ శుద్ధ అబద్ధం. పోయిన నెల ఫ్రిస్కోలో ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజు భోజనాల దగ్గర, ఆవిడ కొడుకు ఆ కథను మళ్ళీ మైకు పట్టుకుని చెప్పాడు. కొత్తగా ఇండియా నుంచి వచ్చిన అమ్మ షికాగో పక్కన నేపర్‌విల్‌లో మిడిల్ స్కూల్ టీచరుగా చేరిందట, ఇక్కడ పబ్లిక్ పరీక్షలుండవని పాపం తెలియక ఏడాది పోర్షనంతా ఫిబ్రవరికల్లా ముగించేసిందట, తర్వాత ఏం చెప్పాలో తోచక చెప్పిన పాఠాలే మళ్ళీ చెప్పిందట, ప్రిన్సిపల్ కడుపుబ్బా నవ్వి పోనీలెమ్మన్నాడట. అందరూ నవ్వారు, అత్తయ్య కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. వాడికి అప్పటికి రెండేళ్ళు, డైనింగ్ టేబుల్ కింద కూర్చుని క్రేయాన్లు నమిలేవాడు. టేబుల్ మీద ఏం జరిగిందో చూసినదాన్ని నేను.

అసలు కొత్తగా వచ్చిందనడమే మొదటి తప్పు. డెబ్బైల చివర, నాలాగే అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని ఈ దేశంలో దిగిన పిల్లలకు గుర్తుండే ఉంటుంది, అప్పటి నేపర్‌విల్ సగం ఇళ్ళు, సగం మొక్కజొన్న చేలు, ఎవరింటికైనా కరివేపాకు వచ్చిందంటే ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగు ఇళ్ళకూ ఫోన్లు వెళ్ళేవి. మా నాన్న చెల్లెలైన ఈ అత్తయ్య మాకంటే ముందే వచ్చింది. తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి, ఇక్కడ మళ్ళీ సాయంత్రం కాలేజీకి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకుంది, ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ పూటకు వెళ్ళి పాఠం చెబుతూ కొన్నేళ్ళు గడిపింది. అన్ని బళ్ళు తిరిగిన మనిషికి ఇక్కడ పబ్లిక్ పరీక్ష లేదని తెలియకపోవడమేమిటి? ఎవరూ ఆలోచించరు. నవ్వు వస్తే చాలు మావాళ్ళకు.

ఎనభైల నడుమ ఒక ఆగస్టులో ఆవిడకు సొంత క్లాసు దొరికింది, ఏడో తరగతి, నేను చదవబోయే తరగతే. స్కూల్లో అత్తా అని పిలిస్తే ఊరుకోనని, అందరిలాగే మిసెస్ అనాలని, హోంవర్క్ విషయంలో చుట్టరికాలేమీ ఉండవని ముందే హెచ్చరించింది. ఇంగ్లీషుకు ఇక్కడ లాంగ్వేజ్ ఆర్ట్స్ అని పేరు పెట్టడం ఆవిడకు కొంచెం వింతగానే ఉండేది గానీ, పుస్తకాల గది తాళంచెవి చేతికిచ్చి, నీకు నచ్చినవి ఏరుకో అన్న పద్ధతి మాత్రం మిఠాయి కొట్టు అప్పగించినట్టు తోచింది. మామయ్య రోజూ పొద్దున్నే షికాగో రైలెక్కి వెళ్ళిపోయేవాడు, నేను మా ఇంట్లో టిఫిన్ తిని రెండు వీధుల అవతల ఉన్న వాళ్ళింటికి పరుగెత్తేదాన్ని, ఎందుకంటే ఒక టీచరు బుర్రలో ఏడాది మొత్తం ఎలా తయారవుతుందో చూసే అవకాశం ఏ పిల్లకు దొరుకుతుంది చెప్పండి? నెలకొక పెద్ద షీటు టేబుల్ మీద పరిచేది. కథలకు పసుపు చీటీలు, గ్రామరుకు నీలం, వ్యాసాలకు ఎరుపు, పద్యాలకు ఆకుపచ్చ. చీటీని ఒక గడిలో పెట్టి, దూరంగా జరిగి, ముగ్గు చూసుకున్నట్టు చూసుకుని మళ్ళీ తీసేది. అక్టోబరులో వ్యాసం రాయించాలంటే సెప్టెంబరులో ఏ కథ చదివించాలి, మంచు సెలవులు ఎక్కువైతే ఏ చీటీ ఎగిరిపోయినా నష్టం లేదు, ఇవన్నీ తనలో తను గొణుక్కునేది. నేను పక్కన నిలబడి, ప్రతి చీటీ అక్కడే ఎందుకని ప్రాణం తీసేదాన్ని.

నాకు తెలిసిన అమెరికాను ఆవిడకు చూపించాలన్న గొప్ప కొద్దీ అన్నాను, "అత్తా, ఇక్కడ క్వశ్చన్ పేపర్ నువ్వే సెట్ చేసుకోవచ్చు తెలుసా? కరెక్ట్ చేసేది కూడా నువ్వే."

"తెలుసులేవే," అంది చీటీల మీంచి తల ఎత్తకుండానే, "పెళ్ళికొడుకే మంత్రాలు కూడా చదువుకున్నట్టుంటుంది."

ఈ ఒక్క మాట చాలదా? తెలుసులేవే అంది, నా చెవులతో విన్నాను. అయినా చీటీలన్నీ ఫిబ్రవరి చివరి గడితో అయిపోయాయి. మార్చి, ఏప్రిల్, మే, జూన్ షీట్లు తెల్లగా మిగిలాయి. ఇవి ఖాళీగా ఉన్నాయేమని అడిగితే రివిజన్ అంది. పరీక్షే లేనప్పుడు రివిజన్ దేనికని అడిగితే, పప్పు మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పప్పు ఇంకా కుక్కర్లోకే ఎక్కలేదు.

ఆ ఏడాది మమ్మల్ని పరుగులు పెట్టించింది. మార్చి మొదట్లో, మేము అక్టోబరులో చదివేసిన కథ మళ్ళీ తీయమంది. మంచులో తప్పిపోయిన ఆవును వెదకడానికి బయలుదేరిన అన్నదమ్ముల కథ అది. ఆవు దొరుకుతుందని అందరికీ తెలుసు. చివరి వరసలో బబుల్‌గమ్ నమిలే ఒక పిల్ల, ఇది అయిపోయింది కదా అని మూలిగింది. అప్పుడు అత్తయ్య పుస్తకం మూసి, తను పెరిగిన ఊళ్ళో నాటకాలు ఎలా చూసేవారో చెప్పింది. కథ అందరికీ కంఠతా వచ్చు, ఎవరు గెలుస్తారో ఎవరు పోతారో తెలుసు, అయినా జనం కిక్కిరిసి వస్తారు, పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరుస్తారు, యుద్ధంలో చచ్చి పడి ఉన్న రాజు కూడా ఆ కేక వింటే లేచి, బట్టలు దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడుకుని చచ్చిపోతాడు. సిగ్గుతో నేను బల్ల కిందకు దూరిపోదామనుకున్నాను గానీ, మిగతా వాళ్ళు పడీపడీ నవ్వారు. ఇక అదే మా క్లాసులో పద్ధతైంది. ఒకరు చదువుతుంటే ఎవరైనా వన్స్ మోర్ అనవచ్చు, చదివేవాళ్ళు ఆ వాక్యం మళ్ళీ చదవాలి, అరిచినవాళ్ళు మొదటిసారి తమకు వినపడనిదేమిటో చెప్పాలి. చెప్పలేకపోతే వాళ్ళే లేచి చదవాలి.

బబుల్‌గమ్ పిల్ల వాళ్ళమ్మ ప్రిన్సిపల్‌కు ఫోన్ చేసింది, మా అమ్మాయికి చదివిన కథే మళ్ళీ చెబుతున్నారని. క్లాసులో కూర్చుని చూడటానికి వస్తానని ఆయన కబురు పెట్టాడు. మొదటి ఏడాది టీచరు, వచ్చే ఏడు ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ గంటలోనే తేలిపోతుంది. మామయ్యకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. "ఆ ఒక్కరోజుకీ ఏదైనా కొత్త కథ పట్టుకోవే తల్లీ, నీ తెనాలి నాటకాలు తర్వాత ఆడుకుందువుగాని," అని బతిమాలాడు.

ఆయన వచ్చిన రోజున కూడా అదే ఆవు కథ తీయించింది. వెనక కుర్చీలో సూటు వేసుకున్న మనిషి కూర్చుంటే ఏ పిల్లకు నోరు లేస్తుంది? ఒక పేజీ అయింది, రెండో పేజీ అయింది, ఒక్క కేక లేదు. అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి, సుద్దముక్కను నలిపి పొడి చేస్తోంది. నేను అరిస్తే చుట్టరికం అనుకుంటారని భయం. అప్పుడు చివరి వరసలోంచి ఆ బబుల్‌గమ్ పిల్లే వన్స్ మోర్ అంది. చదివే అబ్బాయి మళ్ళీ చదివాడు. ఆ పిల్ల తడుముకుంటూ అంది, అన్న తమ్ముణ్ణి ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు, ఆవును మాత్రం పేరు పెట్టే పిలుస్తున్నాడు, ఇదివరకు నేను చూడలేదు అని. నేను వెనక్కి తిరిగితే, ప్రిన్సిపల్ తన చేతిలోని పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పుతూ, నిజమేనా అని వెతుక్కుంటున్నాడు.

ఆ సాయంత్రం మామయ్యను రైలు స్టేషను నుంచి తీసుకురావడానికి వెళ్ళినప్పుడు వెనక సీట్లో నేనూ ఉన్నాను. కారు ఎక్కీ ఎక్కగానే ఏమైందన్నాడు మామయ్య.

"ఉంచుకున్నారు. కాకపోతే వచ్చే ఏడాది నుంచి ప్రతి వారం కొత్త పాఠం ఉండాలన్నాడు, జూన్ దాకా. పేరెంట్స్‌కి చూపించాలట."

"మరి నువ్వేమన్నావు?"

"పొరపాటైందన్నాను. మా దేశంలో మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఆ అలవాటు కొద్దీ చేసేశానన్నాను. నవ్వాడు. నవ్వాక ఇంకేం అంటాడు?"

మామయ్య కూడా నవ్వాడు. ఆ కథ పుట్టింది అక్కడ, ఆ కారులో. మరుసటి ఆగస్టులో నేను వెళ్ళి చూసేసరికి షీట్లన్నీ జూన్ దాకా నిండిపోయి ఉన్నాయి. రిటైరయ్యే దాకా ఆవిడ మళ్ళీ ఒక్క గడి ఖాళీ వదలలేదు.

పోయిన నెల భోజనాలయ్యాక, ఫ్రిస్కోలోనే ఏడో తరగతికి టీచరుగా చేరిన మా తమ్ముడి కూతురు తన ల్యాప్‌టాప్ తెచ్చి, ఏడాది ప్లానంతా, తను బామ్మా అని పిలిచే అత్తయ్యకు చూపించింది. మా రోజుల్లో చీటీలు జరపడానికి ఒక టేబుల్ కావలసి వచ్చేది, అవి జరిపే చేతికి ఇష్టాయిష్టాలుండేవి. ఇప్పుడు ఏ రోజు ఏ పేజీయో పైనుంచే వచ్చేస్తుంది, ఆ పిల్ల బంగారు తల్లి, గొణుక్కోవలసిన అవసరం కూడా లేదు. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని, ఆ గళ్ళను వేలితో ఒక్కొక్క నెలే కిందకు జరుపుతూ, మే దాకా వెళ్ళి ఆగింది.

"ఖాళీ ఎక్కడుందే?"

"ఖాళీ ఉండదు బామ్మా. టూ డేస్ ఉంటై, ఐస్ వచ్చి స్కూల్ క్లోజ్ చేస్తే."

అత్తయ్య మళ్ళీ పైకి జరిపి, మార్చి దగ్గర ఆగి చూస్తూ కూర్చుంది. అవతల గదిలో ఆవిడ కొడుకు, ఆలస్యంగా వచ్చిన వాళ్ళెవరికో అదే కథ మళ్ళీ మొదలుపెట్టాడు. నేను ఆవిడ మోచేయి పట్టుకుని, నిజం ఇప్పుడైనా చెప్పవచ్చు కదా అత్తా అన్నాను. పొరపాటేలేవే అంది, నా వైపు చూడకుండా. ఆ మాటతో ఉద్యోగం నిలబెట్టుకుంది, సరే, నేను తప్పు పట్టను. కానీ ఆ ప్రిన్సిపల్ లేడు, ఆ ఉద్యోగమూ లేదు, అడిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మరి ఆవిడ చేసినవాటన్నిట్లోకీ తెలివైన ఆ పనిని, ఇంకా ఎవరి కోసం పొరపాటని చెప్పుకుంటోంది?