తంబురా పట్టని కేబినెట్

ఇల్లు నాది. అయినా చెక్కపని గురించి నేను చెప్పిన మాట ఇంతవరకు ఒక్కరూ వినలేదు. మా బావకు మూడుసార్లు ఫోన్ చేశాను, రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఇళ్లలో ఏ పని తలపెట్టినా పెద్దల్లుడిని అడగాలి. మా నాన్నగారి పెద్దల్లుడు మా అక్క భర్త. శ్రీకాకుళం కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. ఆయన పెళ్లి శుభలేఖ ఇంగ్లీషులో నేను రాశాను. పెళ్లిపందిట్లో అందరి ముందూ ఎర్ర సిరాతో ఏడు తప్పులు దిద్దాడు. ఆ శుభలేఖ ఇంకా నా దగ్గర ఉంది.

కోటబొమ్మాళిలో నా ఇంటి గోడలు లేచాక బావ వచ్చాడు. సిమెంటు బస్తా మీద కూర్చుని కాగితం మీద బొమ్మలు గీశాడు. మాకు గోడలో ఉంటే అలమర, విడిగా నిలబడితే బీరువా. ఆయనకు అది చాలదు. లోపల అరలు, ముందు తలుపులు ఉంటే కప్‌బోర్డు. బట్టలు వేలాడదీసే కడ్డీ ఉంటే వార్డ్‌రోబ్. తలుపు లేని ఒంటి పలక షెల్ఫ్. అన్నీ సొరుగులే అయితే చెస్ట్ ఆఫ్ డ్రాయర్స్. విలువైన వస్తువులు నలుగురికీ కనబడేలా అద్దాల వెనుక పెట్టేది కేబినెట్. బాగా చెప్పాడు, ఒప్పుకుంటాను. నాకు ఒక్కసారికే తేడా తెలిసింది.

తెలిసింది కాబట్టే వార్డ్‌రోబ్ అడిగాను. నాన్నగారు గుడిలో మీటిన తంబురా నా దగ్గరుంది. మంచం కింద పడుకోబెట్టినందుకు ఒకసారి దాని కుండకు సన్నటి బీట పడింది. అరలు లేని పొడవాటి చోట నిలబెట్టాలి.

"ఒరే, వార్డ్‌రోబంటే బట్టలకిరా. తంబురా ఏటి, సొక్కా తొడుక్కుంటాదా?" అన్నాడు బావ.

"గవిసెన తొడుక్కుంటాది గదా బావా," అన్నాను. గవిసెన అంటే తంబురాకు తొడిగే గుడ్డ సంచి.

పక్కనున్న వడ్రంగి నవ్వాడు. నా మాటకు కాదు, బావ మాటకు.

మేము బట్టలు మడతపెట్టుకునేవాళ్లం కనుక వార్డ్‌రోబ్ దండగని బావ దాన్ని కొట్టేశాడు. తంబురా విలువైనది కనుక కేబినెట్ అని రాసి, అరలతో సహా బొమ్మ గీసి వడ్రంగికి ఇచ్చాడు. నేను తంబురా పొడవు పురికొసతో కొలిచి, చివర ముడివేసి ఇచ్చాను.

కేబినెట్ తయారైంది. టేకు చెక్క, అద్దాల తలుపులు, లోపల అడ్డంగా రెండు అరలు.

"సూడండి బాబూ, మీ తాడు సరిగ్గా సరిపోనాది," అంటూ వడ్రంగి పురికొసను బయటినుంచి పట్టి చూపించాడు.

"లోపల ఎలా పడతాదయ్యా?"

"కేబినెట్టుకి అరలు నేకపోతే ఎలగ? బావగోరు గీసినట్టే సేసినాను. తీసీడం గంట పని. ఆయన్ని ఊఁ అనమనండి."

గృహప్రవేశానికి బావ వచ్చాడు. అద్దం మీద వేలితో తట్టి, "ఇదీ కేబినెట్టంటే," అన్నాడు. అరల సంగతి అడిగాను. మజ్జిగలో ఉప్పు తక్కువైందన్నాడు.

ఇప్పుడు ఆ అరల్లో మా ఆవిడ స్టీలు గ్లాసులు సర్దింది. తంబురా హాల్లో మూలకు ఆనించి ఉంది. వచ్చేపోయేవాళ్ల కాళ్లు తగులుతున్నాయి. వానలు మొదలయ్యాక బీట మరో వేలెడు పెరిగింది. పురికొస కేబినెట్ పిడికి కట్టి ఉంచాను.

"ఆ తాడు ఇప్పీండి, సూసినోల్లు నవ్వుతన్నారు," అంటుంది మా ఆవిడ. విప్పను.

వడ్రంగి పక్క వీధిలోనే ఉన్నాడు. బావా, నీ మాట లేనిదే ఉలి పట్టనంటున్నాడు. నాకు వార్డ్‌రోబ్ వద్దు, ఆ పేరు నువ్వే ఉంచుకో. ఆ రెండు పలకలు తీయమంటావా, వద్దంటావా? వద్దంటే తంబురా ఎక్కడ నిలబెట్టాలో కూడా నువ్వే చెప్పాలి. ఈసారి మజ్జిగ సంగతి కాదు, దీనికి జవాబు చెప్పు.