నీలం రంగు మల్లప్ప

1981లో నన్ను ల్యాబ్ టెక్నీషియన్‌గా జహీరాబాద్‌లోని ఒక దవాఖానాకు వేశారు. మూత్రంలో షుగర్ చూడడం రోజూ ఉండే పని. గాజు గొట్టంలో నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు, ఇటుక రంగుకు తిరిగితే దండిగా ఉన్నట్టు. మూత్రపిండాలు చెడితే మూత్రంలో పడే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు వేరే పరీక్ష ఉంది. కాళ్లు వాచినవాళ్లకూ గర్భిణులకూ తప్ప అది చేసేవాళ్లం కాదు.

మొగుడంపల్లి దిక్కు బెల్లం వండించే మల్లప్ప ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. గంపంత పొట్ట, మెడ వెనుక ఎంత తోమినా పోని నలుపు. పొద్దున లేస్తే నోట్లో బెల్లం పడాల్సిందే. అయినా గొట్టం ఎప్పుడూ నీలమే. "నీకే రోగమూ లేదు పో పటేలా!" అనేవాణ్ణి. ఆ మాటను అతను ఊరంతా టముకు వేసుకున్నాడు.

మూడో ఏడు ఒక ఫ్యాక్టరీవాళ్లు డ్రైవర్ ఉద్యోగాలకు అయిదుగురిని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం పంపారు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ రెండు పరీక్షలూ చెయ్యమంది. షుగర్ పరీక్షలో అయిదూ నీలం. తర్వాత ఆల్బుమిన్ కోసం మూత్రం కాచి అసిటిక్ యాసిడ్ చుక్కలు వేస్తే అయిదూ పాలు విరిగినట్టు తెల్లబడ్డాయి. అయిదుగురు పడుచువాళ్లకు ఒకేరోజు మూత్రపిండాలు చెడతాయా? యాసిడే పాడైందేమోనని నా మూత్రంతో చూసుకున్నాను. తేటగా ఉంది.

డాక్టరమ్మ అందరినీ అన్‌ఫిట్ అని రాయబోయేసరికి ఒకడు భోరుమన్నాడు.

"అది మాది కాదమ్మా! పొద్దున చెరుకు రసం తాగినం, షుగర్ పడ్తదేమోనని మల్లప్ప పటేల్ తాన తెచ్చుకున్నం. ఆయనదైతే ఎన్నడూ ఫేల్ కాలేదంట."

నాకు నవ్వు ఆగలేదు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ముందు ఆ మల్లప్పను పిలిపించమంది.

మల్లప్ప సీసా పట్టుకునే వచ్చాడు. కాచాను, తేటగా ఉంది! గట్టిగా అడిగితే, భయపడి బామ్మర్దిది తెచ్చానని ఒప్పుకున్నాడు. "అందరు నాది పట్కపోతరు, నేనొక్కసారి ఇంకొకరిది తెస్తే తప్పా సారూ?" అన్నాడు. దవాఖానాలోనే పట్టించి కాచాను. విరిగింది. బీపీ కూడా ఎక్కువే. ఉప్పు తగ్గించు, పొట్ట తగ్గించు, మాత్రలు మానకు, లేకుంటే కిడ్నీలు పోతాయని డాక్టరమ్మ చెప్పింది.

"షుగరే లేదు గద, ఇంక కిడ్నీలకేం ఫికర్? ఏ రోగం లేదని ఈ సారే చెప్పిండు," అని మల్లప్ప నా వైపు చెయ్యి చూపించాడు. మాత్రలు వాడలేదు.

అలాంటి పొట్టకూ, మెడ నలుపుకూ, ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా లొంగకపోవడానికీ సంబంధం ఉందనీ, షుగర్ రాకముందే మూత్రపిండాలు దెబ్బతినవచ్చనీ నేను చదివింది రిటైరవబోయే ముందు. మల్లప్పది అదేనా అన్నది ఇప్పుడు తేల్చలేను. డ్రైవర్లు సొంత మూత్రంతో ఉద్యోగాలు తెచ్చుకున్నారు. మల్లప్ప నాలుగేళ్లకు కిడ్నీలు చెడి చనిపోయాడు. షుగర్ చివరిదాకా రాలేదు.

బెనెడిక్ట్ పరీక్ష చక్కెర సంగతి ఒక్కటే చెబుతుంది. ఏ రోగమూ లేదన్న మాట నేను కలిపింది. ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్లూ 'చక్కెర లేదు' అని మాత్రమే రాశాను. మిగతాది అడిగినవాళ్లను డాక్టరు దగ్గరికి పంపాను.