పాటలో విడిచిన చోటు

కోడలు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది.

"మామా, నువ్వు ఎప్పుడూ చెప్తాంటావే, వీళ్ళేనా వాళ్ళు?"

అద్దాలు పెట్టుకుని చూశాను. ముగ్గురు ముసలివాళ్ళు, నడివయసు ఆడమనిషి ఒకామె. అందరి భుజాల మీద ఒకే రకం ఎర్ర కండువాలు, ఇస్త్రీ మడతలు కూడా పోలేదు. కింద రంగుల అక్షరాల్లో 'మళ్ళీ మీ ముందుకు' అని రాసి, కంబదూరులో ఒక ఫంక్షన్ హాలు, ఆదివారం ఉదయం పదకొండు గంటలకు అని వేశారు.

"వాళ్ళే. కానీ వాళ్ళు కాదు," అన్నాను.

"అదేం మాట మామా? వాళ్ళే అంటావు, కాదంటావు."

"వాళ్ళకు కండువాలు యాడివి? స్టేజీ యాడిది?"

"నువ్వు పోతావా, పోవా? అది చెప్పు చాలు. నీకు బువ్వ వండాల్నా వద్దా తెలియాల గదా."

ఆ ప్రశ్నకు నాలుగు రోజులు జవాబు చెప్పలేకపోయాను.

నా ఇరవై ఏళ్ళ వయసులో వరుసగా వానలు ఎగ్గొట్టాయి. కుందుర్పి పక్కన ఎండిన చెరువులో పూడిక తీయడానికి కరువు పని పెట్టారు. మగవాళ్ళం తవ్వేవాళ్ళం, ఆడవాళ్ళు తట్టలెత్తేవాళ్ళు, వారానికోసారి జొన్నలు కొలిచి ఇచ్చేవాళ్ళు. మధ్యాహ్నం సంగటి ముద్దలు విప్పుకుని కూర్చునే వేళకు నలుగురు మనుషులు నడుచుకుంటూ వచ్చేవాళ్ళు. ఇద్దరి దగ్గర తప్పెటలు, ఒకడి దగ్గర కంచు తాళాలు. నాలుగోవాడి దగ్గర ఏమీ ఉండదు, గొంతు తప్ప.

వచ్చిన వెంటనే వాయించేవాళ్ళు కాదు. తప్పెటలను చెరువు కట్టకు ఆనించి, చర్మం ఎండవైపు తిప్పి పెట్టేవాళ్ళు. మిగతా ఊళ్ళలో తప్పెటలు బిగియాలంటే మంట వేసి కాచుకోవాలి. మాకు ఆ అవసరం లేదు. మేము రెండు ముద్దలు మింగేలోగా ఎండే వాటిని బిగించి పెట్టేది. వేలితో తడితే ఖంగుమనేవి. అప్పుడు మొదలుపెట్టేవాళ్ళు.

పాడేవాళ్ళు అనడం తప్పు. అరిచేవాళ్ళు. రాగం లేదు, ఆలాపన లేదు. సగం బీడీ కాలేలోగా ఒక పాట అయిపోయేది. ఆ వెంటనే ఇంకొకటి. మా ఊరి భజన పెద్ద ఒకసారి విని, "ఇది పాటాప్పా? కుక్కల కొట్లాట మాదిరి ఉండాది," అని చెవులు మూసుకున్నాడు. ఆయన చెవులు ఆయన ఇష్టం. నాకు మాత్రం తప్పెట దెబ్బ కాళ్ళలోంచి ఎక్కి పక్కటెముకల్లో ఆగేది. నాలో ఉన్న కోపానికి ఒక చప్పుడు ఉందని అప్పుడే తెలిసింది.

వాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. రోజూ చివరి పాట కొసన ఆ నాలుగోవాడు, మేము ముందుగొంతు అనేవాళ్ళం, మావైపు చెయ్యి చాపి, "చెప్పప్పా, ఈ పొద్దు ఏమయింది?" అని అరిచేవాడు. అంతటితో నోరు మూసేవాడు. తాళం ఆగేది. నాలుగు చిన్న దెబ్బల సేపు పాటలో చోటు విడిచిపెట్టేవాళ్ళు. ఆ చోటు మాది. ఆ రోజు మా బాధ ఏదైతే అది మాలో ఒకరు అరవాలి. 'గడ్డపార విరిగింది' అని ఒకడు. 'బిడ్డకు జరం' అని ఒకామె. అరిచిన మాటనే నలుగురూ ఎత్తుకునేవాళ్ళు, తర్వాత చెరువులో ఉన్న మేమందరం. ఎవరూ అరవకపోతే ఆ పాట అక్కడే ఆగిపోతుంది. తమ సొంత మాట పెట్టి పూర్తి చేసేవాళ్ళు కాదు.

ఒకరోజు ఆ చోటులో నేను అరిచాను. "జొన్నల్లో పురుగులు!"

నూరు గొంతులు నా మాటను తిరిగి అరిచాయి. జొన్నలు కొలిచేవాడు తల దించుకున్నాడు. పాట అయ్యాక ముందుగొంతు, గుంతలకు గీతలు గీసే సున్నం డబ్బా తీసుకుని, కట్ట మీద బండరాయికి ఏదో రాశాడు. ఆ రోజు ఎవరు ఏది అరిస్తే అది రాసి పోవడం వాళ్ళ అలవాటు. నేను గొర్రెల వెంట తిరిగినవాణ్ణి, బడి గడప తొక్కలేదు. ఆ తెల్ల గీతల ముందు నిలబడి చూస్తుంటే ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమప్పా, అట్ల చూస్తాండావు? ఇది నువ్వన్నదే."

నా నోటి మాట రాయి మీద ఉంది. నేను ఇంటికి పోయినా అది అక్కడే ఉంటుంది. ఆయన కట్టెపుల్లతో ఒక్కో అక్షరాన్నీ తాకుతూ మూడుసార్లు చదివించాడు. తర్వాత పది రోజులు నేను పనికి అందరికంటే ముందే పోయి ఆ రాయి ముందు నిలబడ్డాను. లోకమంతా అ, ఆలతో మొదలుపెడుతుంది. నేను జొకారంతో, ఒత్తులతో మొదలుపెట్టాను. కంబదూరు బస్సు బోర్డులో చివరన ఉన్న 'రు', నా పురుగుల్లో ఉన్న 'రు' ఒకటేనని పట్టుకున్న రోజు బస్సు వెనకాల పరుగెత్తాను, ఎక్కడానికి కాదు, ఇంకోసారి చూడడానికి. అక్కడి నుంచి చౌకదుకాణం పలక, శనక్కాయలు చుట్టిన కాగితాలు, గ్రంథాలయంలో అట్టలూడిన పుస్తకాలు. ఈ వాక్యం దాకా నన్ను నడిపించింది ఆ సున్నం డబ్బానే.

ఇంత ఇచ్చినవాడి మీద నాకు ఇన్నేళ్ళుగా కోపం. ఎందుకంటే, ఎన్నికలొచ్చాయి. ముందుగొంతు జీపు ఎక్కాడు. చేతికి మైకు ఇచ్చారు. మా ఊరి కూడలిలో జీపు ఆగింది, అదే పాట, అదే చెయ్యి చాపడం. "చెప్పప్పా, ఈ పొద్దు ఏమయింది?" నేను నోరు తెరిచేలోగా జీపులోంచే జవాబు వచ్చింది. నాయకుడి పేరు, దాని వెనక జై. మాకు విడిచిన చోటని మేము నమ్మినదాన్ని వాళ్ళే పూడ్చేశారు. మిగతా ముగ్గురూ ఆ వారమే విడిపోయారు. ఒక తప్పెట బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయింది, ఇంకొకటి మడకశిర వైపు గొర్రెల్లోకి, తాళాలు అటక మీదకి.

తర్వాత ఎన్నో ఏళ్ళకు కల్యాణదుర్గం బస్టాండులో ముందుగొంతును చూశాను. నేనే ముఖం తిప్పుకున్నాను. దండం పెట్టవలసినవాడికి వీపు చూపించాను. దండమూ కోపమూ ఒకే మనిషికి బాకీ పడడం ఎంత చికాకో అనుభవించినవాడికే తెలుస్తుంది.

అందుకే పోవాలా వద్దా అన్న తగువు. పోయి, అక్కడ కూడా ఆ చోటు పూడ్చేస్తే, నాలో మిగిలిన చెరువూ ఎండా చప్పుడూ అన్నీ ఆ జీపు కిందికే పోతాయి. పోకపోతే అవి అట్లే ఉంటాయి, కానీ పిరికివాడి మూటలాగా ఉంటాయి. చివరికి ఒక షరతు పెట్టుకున్నాను. చోటు విడిస్తే కూర్చుంటాను. వాళ్ళే పూరిస్తే లేచి వచ్చేస్తాను, మళ్ళీ ఆ ఊసెత్తను.

విడిస్తే ఏం అరవాలన్నది కూడా ఆలోచించాను. మూడు రోజులు కూర్చుని ఒక వాక్యం రాశాను. కొట్టేశాను, మళ్ళీ రాశాను. ఇన్నేళ్ళ కోపమూ అందులో పట్టాలి కదా. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

నాతో వదిన వచ్చింది. సొంత వదిన కాదు, ఊరి వరస. కరువు పనిలో నేను తవ్విన మట్టిని ఆమే ఎత్తింది. మోకాళ్ళు రెండూ పోయినా నోరు మాత్రం అప్పటిదే. బస్సులో నా షరతు చెబితే నవ్వింది.

"ఏమప్పా, నువ్వు పాట వినేకి పోతాండావా, పంచాయితీ చేసేకి పోతాండావా?"

"వాడు జీపెక్కినాడు వదినా."

"ఎక్కినాడు, దిగినాడు. నువ్వే ఇంకా దిగల్యా."

హాలులో ప్లాస్టిక్ కుర్చీలు, రేకుల కప్పు, తిరుగుతున్నా గాలి రాని ఫ్యాన్లు. స్టేజీ మీద నిర్వాహకుడూ అతిథులూ వరుసగా కూర్చున్నారు. వాళ్ళ ముందు బల్ల మీద నీళ్ళ సీసాలు. మాకు లేవు. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని 'అంతరించిపోతున్న కళ' అన్నారు. అంతరించిపోతున్నది అక్కడే పక్కన కూర్చుని చెమట తుడుచుకుంటోంది. వీళ్ళ మాటలు అయ్యేలోగా నిజంగానే అంతరించిపోయేట్టు ఉంది. శాలువాలు కప్పారు, ఆ ఉక్కలో, ఆ ముసలివాళ్ళకు! ఎవరి బుద్ధి అది?

గంట గడిచింది. నీళ్ళ కోసం వెనక వంటచోటుకు పోయాను. అక్కడ ఒక గొడవ.

"ఏమన్నా, తప్పెట కాచుకునేకి నా పొయ్యే దొరికిందా నీకు? సాంబారు మాడిపోతాది, తియ్!" వంటాయన గరిటె ఎత్తి అరుస్తున్నాడు.

"రొంతసేపప్పా. చల్లబడిపోయింది. దీన్ని ఇట్లే వాయిస్తే చాట కొట్టినట్ల ఉంటాది," అంటున్నాడు బెంగళూరు పోయిన తప్పెటాయన. పక్కనే మంట అక్కరలేని, చర్మానికి బదులు ప్లాస్టిక్ బిగించిన తప్పెట ఒకటి గోడకు ఆనించి ఉంది. నిర్వాహకులు కొనిచ్చారట. దాన్ని ఆయన ముట్టుకోలేదు. నాకు మొదటిసారి మనసు కొంచెం మెత్తబడింది.

"అన్నా, తాగే నీళ్ళు?" అని వంటాయనను అడిగాను.

"క్యాన్లు ఇంకా రాలేదు. బోరు నీళ్ళు ఉండాయి, ఉప్పగా ఉంటాయి. తాగుతావా?"

వట్టి చేతులతో వచ్చి కూర్చున్నాను. అప్పటికి నలుగురూ లేచారు. చనిపోయిన తాళాలాయన కూతురు ఆ తాళాలే పట్టుకుంది. ముందుగొంతు శాలువా తీసి కుర్చీ మీద పడేశాడు. మైకును పక్కకు జరిపి, స్టేజీ అంచుకు వచ్చాడు.

గొంతు పోయింది. ఉన్నమాట రాయాలి. సగం మాటలు దగ్గులో కలిసిపోతున్నాయి. తప్పెటలు ఒకదాని వెనక ఒకటి తడబడ్డాయి. మూడో పాటకు గానీ కలవలేదు. కలిశాక మాత్రం నా పక్కటెముకలు వాటంతటవే గుర్తుపట్టాయి. తాళాలామె తండ్రి కంటే గట్టిగా కొట్టింది. ఆ మాట కూడా రాయాలి.

చివరికి ఆ పాట వచ్చింది. ముందుగొంతు చెయ్యి చాపాడు. "చెప్పప్పా, ఈ పొద్దు ఏమయింది?"

నోరు మూశాడు. చోటు విడిచాడు.

హాలంతా ఫోన్లు పైకెత్తి చూస్తోంది. ఆ చోటు ఎవరిదో వాళ్ళకు తెలియదు. ఎవరూ చెప్పలేదు మరి. నేను లేచాను. కాగితం విప్పాను. "ఎన్ని ఏలుబడులు మారినా ఈ మెట్టనేల..." అనేసరికి నాలుగు దెబ్బలూ అయిపోయాయి. పాట ఆగింది. ఎవరో నవ్వారు. నా వాక్యంలో ఇంకా ఎనిమిది మాటలు మిగిలి ఉన్నాయి. పాటలో విడిచిన చోటు ఎంతో నాకంటే బాగా తెలిసినవాడు ఈ జిల్లాలో లేడనుకుని, పత్రికకు పంపేటంత వ్యాసం రాసుకుని పోయాను!

ముందుగొంతు నావైపు చూశాడు. తన సొంత మాట పెట్టలేదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుని, మళ్ళీ చెయ్యి చాపాడు. "చెప్పప్పా, ఈ పొద్దు ఏమయింది?"

నేను కాగితంలో ఏ ముక్క చదవాలా అని వెతుకుతున్నాను. పక్కనుంచి వదిన, కూర్చున్నచోటే, కట్ట మీద అరిచిన గొంతుతో అరిచింది.

"నీళ్ళేవీ?"

తప్పెట ఖంగుమంది. నలుగురూ ఎత్తుకున్నారు. "నీళ్ళేవీ?" వెనక వరుసలో ఆడవాళ్ళు అందుకున్నారు. ఫోన్లు దించి హాలంతా అందుకుంది. రేకుల కప్పు అదిరింది. నేను కాగితం మడిచి అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే కట్టుడుపళ్ళు చేత్తో పట్టుకోవలసి వచ్చింది. ముందుగొంతు అరుస్తూనే వెనక్కి నడిచి, అతిథుల ముందున్న సీసాలను చేతికి దొరికినన్ని తీసి కింద వరుసలకు అందించాడు. నిర్వాహకుడు ఫోను చెవికి పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. పాట అయిన కాసేపటికే క్యాన్లు వచ్చాయి.

అంతా అయ్యాక ముందుగొంతు కిందికి దిగి వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"ఎవురప్పా నువ్వు? కాగితం తెచ్చినావే?"

"జొన్నల్లో పురుగులు," అన్నాను.

నా ముఖం మీదికి వంగి చూశాడు. "ఓహో! నువ్వా! నీ ముఖం మర్చిపోయినా గానీ ఆ పురుగుల్ని మర్చిపోల్యా." తర్వాత తనే అడిగాడు. "జీపెక్కినానని కోపమేమన్నా ఉండాదా?"

"ఉండాది."

"ఉండనీలే. నాకూ ఉండాది."

"కోపం ఉండాది గానీ, నాకు చదవను వచ్చింది నీవల్లే. ఆ పొద్దు చెప్పల్యా. ఇప్పుడు చెప్తాండా."

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత దగ్గు వచ్చింది, నా చేతిలోని సీసా తీసుకుని తాగాడు.

తిరుగు బస్సులో వదిన పక్కన కూర్చున్నాను. ఇవాళ ఎవరూ ఏ రాయి మీదా రాయలేదని అప్పుడు తట్టింది. జేబులో కాగితం తీసి, నా వ్యాసం ఉన్న వైపు తిప్పేసి, వెనకవైపు ఖాళీలో పెన్నుతో రాశాను. ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమెకు అక్షరం రాదు.

"ఏందిది?"

"ఇది నువ్వన్నదే వదినా. నీళ్ళేవీ."

కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. వేలితో 'నీ' మీద రాసింది. ముఖం చిట్లించింది.

"ఇంత చిన్నదా? నేను గట్టిగా అంటి గదప్పా!"

కాగితం వెనక్కి తీసుకున్నాను. బస్సు కుదుపుల్లో పెన్ను నిలవడం లేదు. అయినా అంచు నుంచి అంచు దాకా, ఒక్కో అక్షరాన్నీ అరచేయంత చేసి, మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.