కడగకుండా చూసిన సత్తు రూపాయి

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా వీధి చివరింట్లో ఉండే ఆవిడ. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. ఆ రోజు పని నుంచి వస్తూ, కొంగయినా దులుపుకోకుండా మా గుమ్మంలో కూలబడింది. ఆ ఘాటుకు నాకు తుమ్ములు.

"అక్కా, నువ్వేదో రూపాయి చూసి దొంగదని చెప్పావంట కదా. అది నా పక్కన కూర్చుని తొడిమలు తీసే ఆమె కూతురి మెడకి చుట్టుకుంది. అసలు రూపాయి కాజేసి దొంగది పెట్టిందని అత్తింటోళ్లు ఆ పిల్లని పుట్టింట్లో దింపేసి పోయారు. చంకలో పసిబిడ్డ."

"నేను రూపాయి సంగతి చెప్పానుగానీ పిల్ల సంగతి చెప్పలేదే!"

"నువ్వు చెప్పలా. నీ పేరు చెప్పి వాళ్లు చెప్పుకున్నారు."

ఆవిడ ఆ సాయంత్రం మా గుమ్మంలో ఆగకపోతే నాకు తెలిసేదే కాదు. ఆవిడ మేలు మరవను.

మాది దూది ఏకే కుటుంబం. నాన్న విల్లు భుజాన వేసుకుని పర్చూరు, పొన్నూరు వైపు ఊళ్లన్నీ తిరిగేవాడు. పాత పరుపు విప్పితే దూదిలో అప్పుడప్పుడు వెండి రూపాయలు బయటపడేవి. ఏ ముసలమ్మో దాచి మరిచిపోయినవి. నాన్న వెంటనే ఇంటివాళ్లను పిలిచి ఇచ్చేసేవాడు. వాళ్లు కంసాలికి చూపించుకుని, అసలువి ఉంచుకుని, "ఇది సత్తు రూపాయంట సాయిబూ, నువ్వే ఉంచుకో" అని నకిలీది ఆయన చేతిలో పెట్టేవాళ్లు. వెండి రూపాయలు చెలామణీలో ఉన్న రోజుల్లోనే ఎవరో సత్తు కరిగించి పోతపోసి, పైన వెండి పూసి సంతల్లో మార్చిన రూపాయలవి. అలా మా ఇంట్లో పోగయ్యాయి.

నేను బడికి పోలేదు. అక్షరాలూ, ఖురానూ, రూపాయలు పోల్చడమూ అన్నీ నాన్న దగ్గరే నేర్చుకున్నాను. ముందు కడుగు, తర్వాత అంచు చూడు, ఆపైన అరచేతిలో తూచు, మోగించడం ఆఖరున. ఇదీ ఆయన వరస. అసలు రూపాయి నిండు తులం తూగుతుంది. సత్తుది అరచేతిలో తేలిపోతుంది, అంచున గీట్లు ఒకచోట మసకబారి పోత అతుకు కనిపిస్తుంది.

ఇప్పుడు పరుపులన్నీ స్పాంజివి. నేను దిండు గలీబులు కుట్టుకుని బతుకుతున్నాను. నాన్న వదిలిపెట్టిన వాటికి నేనూ కొన్ని చేర్చాను. వెండి కొట్లవాళ్లు పక్కన పడేసినవి అడిగి తెచ్చుకుంటాను. అందుకే జనం వస్తారు. అసలుదంటే సంతోషంగా లేచిపోతారు, నకిలీదంటే నేనే నకిలీ చేసినట్టు చూస్తారు. నిజం చెప్పాలంటే అలిసిపోయాను.

ఆ పిల్ల అత్తింటి పెద్దకొడుకు వచ్చిన రోజూ అలాగే ఉన్నాను. తమ్ముడి బిడ్డకు వెండి గిన్నె చేయించడానికి, ఇంట్లో పూజలో ఉంచే పాత రూపాయలు గుంటూరు తీసుకొచ్చాడట. కొట్లో ఒకటి తేడాగా ఉందన్నారని పని ఆపించి, ఆ ఒక్కటీ నాకు చూపించాడు. నిండా పసుపు పట్టి ఉంది. మోకాళ్ల నొప్పులతో లేచి నీళ్లు తెచ్చుకునే ఓపిక లేక, కడగకుండానే గచ్చు మీద వేశాను. చెక్కముక్క పడ్డట్టు పడింది.

"సత్తుదేనండి," అన్నాను. ఎప్పటిదో ఆయన అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు. పూజపెట్టె తాళంచెవి తమ్ముడి భార్య దగ్గర, అంటే ఈ పిల్ల దగ్గర ఉంటుందని నాకేం తెలుసు!

కబురు విన్న మర్నాడు, తెల్లవారి నమాజు చేసుకుని బయల్దేరాను. చిలకలూరిపేటలో బస్సు మారి పర్చూరు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. అక్కణ్ణించి ఆటోలో వాళ్ల ఊరు. అత్తగారు వసారాలోనే ఉంది. నేనెవరో చెప్పాను.

"ఏం బూబమ్మా, ఇంకో దొంగ రూపాయి పట్టుకొచ్చావా?"

"ఆ ఒక్కటే సరిగ్గా చూడలేదమ్మా. అన్నీ తెప్పించండి. కాస్త చింతపండు, గిన్నెడు నీళ్లు కూడా."

"పసుపు కడిగేస్తావా? లక్ష్మీదేవులే అవి!"

"మళ్లీ పూద్దురుగాని."

ఒక్కొక్కటే రుద్ది కడిగాను. పసుపు పోయాక ప్రతి రూపాయి మీదా రాజు తలకి పైన గరుకుగా ఒక మచ్చ తేలింది. ఆకురాయితో అరగదీసిన మచ్చ. అదేమిటని అడిగాను.

"కొక్కేలు తీయించిన గుర్తులు," అంది ఆమె. "మా అత్తగారు టంకం పెట్టించి దండగా వేసుకునేది. ఆమె పోయాక నేనే తీయించి పూజలో పెట్టా."

సత్తు రూపాయి కడిగి ఆమె చేతిలో పెట్టాను. అదే చోట, అదే టంకం మచ్చ, అదే ఆకురాయి గీతలు. ఆమె కళ్లజోడు తెప్పించుకుని మరీ చూసింది.

"అంటే ఇది మా నాయనమ్మ మెళ్లోదేనా?" అన్నాడు పెద్దకొడుకు.

"నోర్ముయ్‌రా! మా అత్త మెళ్లో సత్తు రూపాయేంట్రా?"

"మరి టంకం నేను పెట్టానా? ఇన్నేళ్లూ దానికి దణ్ణాలు పెట్టావుగా."

"నీ చేతా పెట్టించా. బుద్ధొచ్చిందా నీకు?"

"ఇది మీ కోడలు ఈ ఇంటికి రాకముందు నుంచీ ఉంది," అన్నాను. "ఆ రోజే కడిగి ఉంటే ఆ రోజే చెప్పేదాన్ని. తప్పు నాది."

"మేమేమన్నా దొంగన్నామా? నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి రమ్మన్నాం," అంది అత్తగారు.

వాదించే ఓపిక లేదు నాకు. ఆ పిల్లకి ఇప్పుడే, నా ముందే ఫోన్ చేసి చెప్పమన్నాను. కాసేపు గొణిగి చేసింది. "గుంటూరు బూబమ్మొచ్చి చూసింది. తేలిందిలే సంగతి, వచ్చెయ్," అంది. అంతే. అవతలి నుంచి ఆ పిల్ల, నేను అక్కడే ఉన్నానా అని అడిగి, ఫోన్ నాకు ఇప్పించుకుంది. తిడుతుందనుకున్నాను.

"అది నేను రాకముందుదేనని రాసిస్తారా అండీ? కింద సంతకం పెట్టి."

అక్కడే కూర్చుని రాశాను. రాసే అలవాటు తప్పి రెండు కాగితాలు పాడయ్యాయి, మూడోదాని మీద కుదిరింది. తిరుగు ప్రయాణంలో ఆమె పుట్టింటికి వెళ్లి చేతికిచ్చాను. నా ముందే చదువుకుని, మడిచి, బిడ్డ టీకాల కార్డున్న కవరులో పెట్టుకుంది. నన్ను కూర్చోమని మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ తాగడానికి నాకు సిగ్గేసింది.

ఇప్పుడు అత్తింట్లోనే ఉంది. పూజపెట్టె తాళంచెవి మాత్రం ముట్టుకోవడం లేదట. అత్తగారు చేతికిచ్చినా తీసుకోదట.

తప్పు దిద్దుకునే దారి చూపినందుకు అల్లాకు రోజూ శుక్రియా చెప్పుకుంటాను. కానీ ఆ పిల్ల తొమ్మిది రోజులు దొంగ అనిపించుకుంది. దాన్ని నేను దిద్దలేను. ఇది చదివినవాళ్లు దీపం పెట్టేటప్పుడో, చర్చిలో మోకరించినప్పుడో, దువాకు చేతులెత్తినప్పుడో, ఆ అమ్మాయిని ఒక్కసారి తలుచుకోండి.