వియ్యపురాలు పిలిచిన కుండల ఊరు

చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేసీ చేసీ ఆవిడకి లోకమంతా ఎక్కడో ఒకచోట కుట్టు ఊడినట్టే కనిపించేది. తోటివాళ్లు ‘భూతద్దం’ అని పేరు పెట్టారు. పని మానేసినా ఆ చూపు మానలేదు.

అందుకే వియ్యపురాలు ఫోన్ చేసి, “వదినగారూ, రేపు కుండలు చేసే ఊరికి వెళ్లొద్దామా? నేనూ చూడలేదు. సాయంత్రానికి వచ్చేయొచ్చు” అన్నాక ఆ రాత్రంతా ఆవిడకి కంటిమీద కునుకు లేదు. పిల్లల పెళ్లయిన దగ్గర్నుంచి ముక్తసరిగా తప్ప మాట్లాడని మనిషి ఊరికే పిలుస్తుందా? కోడలి చేత వేరు కాపురం పెట్టించే ఎత్తే అయ్యుండాలి.

బస్సులో వియ్యపురాలు కిటికీ పక్క సీటు ఇచ్చింది. ఆ మర్యాదా అనుమానమే. దిగాక ఎవర్నీ దారి అడగకుండా సందులు తిరుగుతుంటే మరీ అనుమానం. ఒక కుక్క తోకాడించుకుంటూ వచ్చి వియ్యపురాలి కాళ్లు నాకింది.

“ఇదేంటండీ, మీరు దీనికి చుట్టమా?”

“కుక్కలకి అందరూ చుట్టాలే లెండి.”

చివరింటి వాకిట్లో పచ్చి కుండలు ఆరుతున్నాయి. కుమ్మరామె తలెత్తి, “పోయిన వారం రాలేదేమమ్మా?” అంది.

వియ్యపురాలి మొహంలో నెత్తురు చుక్క లేదు. దొంగ దొరికిందనుకుంది భూతద్దం. “చూడలేదన్నారుగా! ఇంక దాచకండి. అమ్మాయికి ఇక్కడ ఇల్లు చూస్తున్నారా?”

వియ్యపురాలు కొంగు దోపి చక్రం ముందు కూర్చుంది. మట్టి ముద్ద ఆమె చేతుల్లో లేచి, మెడ దగ్గర వణికి, కూలబడింది. మళ్లీ లేపింది.

“ఈ వయసులో మట్టి పిసుకుడేంటని ఇంట్లో నవ్వుతారు. ఇక్కడేమో అన్నీ బాగున్నాయంటారు. మొహం మీద చెప్పేది మీరొక్కరే, అందుకే తీసుకొచ్చాను,” అంటూ తను చేసి కాల్చిన చిన్న కుండొకటి చేతికిచ్చింది.

భూతద్దం దాన్ని వెలుగుకి పట్టి తిప్పింది. “ఒక పక్కకి ఒరిగింది. అడుగు మందం. అంచు గరుకు.”

“ఇంకా?” అంది వియ్యపురాలు ఆశగా.

“ఇంకేం లేదు. నీళ్లు నిలుస్తాయి.”

తిరుగు బస్సులోనూ ఆవిడ మనసు కుదురుకోలేదు. “మరి వేరు కాపురం సంగతి?”

వియ్యపురాలు ఆవిడ వైపు తిరిగి, “ఆ మాట అంటున్నది మీ అబ్బాయండీ. మా అమ్మాయే వద్దంటోంది,” అంది మెల్లగా.

భూతద్దం ఈ మధ్య కొడుకు అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరగేసుకుంటూ దారంతా బయటికి చూసింది. స్టాపులో దిగాక వెళ్లబోయి ఆగింది.

“వచ్చే వారం ఎప్పుడు బయల్దేరుతున్నారు, వదినగారూ?”