నదిలో దిగేముందు మా అమ్మాయి పెట్టిన షరతు

మా అమ్మాయి మాకు దగ్గర్లోనే, మేముండే ఊరు చాండ్లర్‌లోనే వేరే అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. చిప్పులు తయారుచేసే కంపెనీలో పని. ఆదివారం సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఫోన్ చూసుకుంటూ అన్నం తిని, డబ్బాల్లో కూరలు పెట్టించుకుని వెళ్లిపోతుంది. శనివారం మాత్రం తెల్లవారకముందే లేచి, ఎక్కడో కొండల్లో ఉన్న నదికి ట్రౌట్ చేపలు పట్టడానికి పోతుంది. పట్టి ఏం చేస్తుందయ్యా అంటే, వదిలేస్తుంది. ఆ మాత్రం దానికి ఆ మూగజీవాన్ని పిలిచి మరీ ఏడిపించడం ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా కుళ్లుకునేదాన్ని. ఆ చేపలకిచ్చే టైంలో కాస్త నాకిస్తే ఏం పోయింది? అందుకే ఒకరోజు సిగ్గు విడిచి, నేనూ వస్తానన్నాను.

అది నన్ను ఎగాదిగా చూసి ఒక షరతు పెట్టింది.

"నువ్వు అన్నిటికీ పర్వాలేదు అంటావమ్మా. వాటర్‌లో అలా అనకూడదు. ఏ ప్రాబ్లమ్ వచ్చినా వెంటనే నాకు చెప్పాలి. ఒక్కసారి దాచావంటే మళ్లీ తీసుకెళ్లను."

ఓస్ ఇంతేనా అనుకున్నాను. ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో ఇంటినిండా చుట్టాలకి బూరెలు వండి, ఎవరడిగినా పర్వాలేదన్న మనిషిని నేను. ఇది ఎంత పెద్ద షరతో నాకప్పుడు తెలియలేదు.

ముందు వేడర్స్ కొనాలంది. అంటే పాదాల నుంచి ఛాతీ దాకా ఒకే ముక్కగా ఉండే, నీళ్లు చొరబడని ప్యాంటు. భుజాలకి పట్టీలు కూడా ఉంటాయి. షాపతను అది నాకు తొడిగించి గుంజీళ్లు తీయించాడు, స్టూలు మీదికి కాలెత్తించాడు. మోకాలు వంగనంత బిగుతైతే రాళ్ల మధ్య నడవలేమట, మరీ వదులైతే నీటి వడి పట్టుకుని లాగేస్తుందట. కాటన్ మేజోళ్లు పనికిరావు, ఊలువే వేసుకోవాలట. అద్దంలో చూసుకుంటే గోనెసంచిలో దిగిన గుమ్మడికాయలా ఉన్నాను. అమ్మాయి ఫోటో తీసింది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను.

దాన్ని ఇంటికి తెచ్చాక మా ఆయన ఊరుకుంటారా? కారైనా, కుక్కరైనా దేవుడికి చూపించందే వాడనివ్వని మనిషి. వేడర్స్‌ని పూజ అలమర ముందు కుర్చీలో బుద్ధిగా కూర్చోబెట్టి, బెల్టుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అరటిపండుకి అగరుబత్తులు గుచ్చి వెలిగించారు. కాళ్లకి తొడుక్కునేదానికి బొట్టేమిటండీ, మీ చాదస్తం తగలెయ్య, అని విసుక్కున్నాను. నీళ్లలోకి పోతున్నావు, ఉండనీ అన్నారు.

శనివారం నది ఒడ్డున అమ్మాయి ముందు నా బెల్టు లాగి బిగించింది. పడితే పైనుంచి నీళ్లు లోపలికి పోకుండా ఆపేది అదేనట. నల్లద్దాలు పెట్టింది. అవి పెట్టుకుంటే నీటి మీది మెరుపు పోయి అడుగునున్న రాళ్లు కనిపిస్తాయి. చేతికో కర్ర ఇచ్చి, కర్ర గట్టిగా ఆనిందనుకున్నాకే కాలు కదపమంది. అడుగు ఎత్తకూడదు, నేల మీదే జరపాలి. ప్రవాహానికి పక్కకి తిరిగి నడవాలి. నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టకూడదు. పెళ్లిలో ఏడడుగులు కూడా నేనింత జాగ్రత్తగా వేయలేదు.

నీళ్లు నడుం దాకా వచ్చాక ఆగి, నా చేతికో గేలమిచ్చి, దాని చివర ఎరగా ఈకలతో కట్టిన దొంగ ఈగని నీటి మీదికి ఎలా విసరాలో చూపించి, అమ్మాయి నాలుగడుగుల అవతలికి జరిగింది. అప్పుడు తొడ దగ్గర తడి తగిలింది. ఈ వయసులో దగ్గినా తుమ్మినా ఆపుకోలేనేమోనని భయమే కదా. అదే అయితే ఇంత చల్లగా ఎందుకుంటుందని ఆలోచించాలా వద్దా? సిగ్గేస్తే బుర్ర పనిచేయదు.

అమ్మాయి అటునుంచి, ఓకేనా అమ్మా అని అడిగింది. పర్వాలేదన్నాను.

తడి మోకాలికి దిగింది, మోకాలి నుంచి మేజోడులోకి దిగింది. కాసేపటికి ఆ పాదం నాదో కాదో తెలియలేదు. అది మళ్లీ అడిగింది, నేను మళ్లీ అదే మాటన్నాను. సరిగ్గా అప్పుడే నా గేలం చివర ఏదో పట్టి లాగింది. నేను కెవ్వుమని ఒకడుగు వేశాను. మొద్దుబారిన కాలు రాయి మీద నుంచి జారింది, నదిలో కూలబడ్డాను. అమ్మాయి తన గేలం వదిలేసి వచ్చి, నా భుజాల పట్టీలు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చింది. చేప తన దారిన తాను పోయింది.

వేడర్స్ విప్పి తలకిందులు చేస్తే బకెట్టుడు నీళ్లు వచ్చాయి. తొడ దగ్గర పెసరగింజంత చిల్లు, దాని అంచంతా మాడి ఉంది. ఇది కాలిన హోల్ అంది అమ్మాయి. కుర్చీలో కూర్చోబెట్టిన వేడర్స్ ఒళ్లోకి అగరుబత్తి వాలిందని నాకప్పుడు వెలిగింది. తప్పు నాది కాదు, మా ఆయన భక్తిది! ఆ సంతోషంలో పకపకా నవ్వాను.

అమ్మాయి నవ్వలేదు. దాని మొహం పాలిపోయి ఉంది.

"తడి ఎప్పట్నుంచి తెలుస్తోంది?"

మొదట్నుంచీ అన్నాను. మరి ఎందుకు చెప్పలేదంది. ఇక దాచి లాభం లేదు. ముందు సిగ్గేసిందని, తర్వాత భయమేసిందని, చెబితే ఈ రోజు ఇంతటితో ఆపేస్తావేమోనని, మళ్లీ తీసుకురావేమోనని నోరు నొక్కుకున్నానని చెప్పాను. అది నా పాదం ఒళ్లో పెట్టుకుని రుద్దింది.

"ఫిషింగ్ అంత ఇష్టమా అమ్మా నీకు?"

"అబ్బే, ఇష్టమేమిటే నా మొహం. ఆ చలీ, ఆ నాచూ, ఏమీ నచ్చలేదు. పొద్దున్న కార్లో నువ్వు ఆఫీస్ కబుర్లు చెప్తూ వచ్చావు చూడు, అది నచ్చింది."

రుద్దుతున్న చెయ్యి ఆగింది.

"అయితే ఊరికే డ్రైవ్‌కి వెళ్దాం అని అడగొచ్చు కదా. నేను నో అనేదాన్ని కాదు."

ఆ ముక్క అడగొచ్చని నాకు ఒక్కనాడూ తోచలేదు. ముక్కు తుడుచుకుంటుంటే, చలేస్తోందా అని అడిగింది.

లేదే, ఏడుస్తున్నాను అన్నాను.